సింగపూర్‌లో నాలుగు రోజులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ మధ్య నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో సింగపూర్ ప్రయాణం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ముఖ్యమైన వాటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేనూ నా భార్యా ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశాము. విదేశానికి వెళ్లడం ఇదే మొదలు. ఏజెంటు మూడు రాత్రులు, నాలుగు పగళ్ల ప్యాకేజీ రాసి ఇచ్చారు. మొదటి రోజు తెల్లవారుజామున దిగగానే నగర దర్శనం, సింగపూర్ ఫ్లయర్, రాత్రికి నైట్ సఫారీ; రెండో రోజు యూనివర్సల్ స్టూడియోస్, సెంతోసా కేబుల్ కారు; మూడో రోజు పక్షుల పార్కు, గార్డెన్స్ బై ద బే, మెరీనా బే శాండ్స్ పై అంతస్తు; నాలుగో రోజు ముస్తఫాలో కొనుగోళ్లు, తిరుగు విమానం. ఇవన్నీ చూడగలమా? వేటిని వదులుకోవచ్చు? — విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: చూడగలరు. కానీ ఇంటికి వచ్చాక ఏది ఎక్కడ చూశారో మీకే గుర్తుండదు. ఈ పట్టికలో దాదాపు ప్రతిదీ టిక్కెట్టు కొని లోపలికి వెళ్లే చోటే కావడం గమనించండి. ఇందులో ఏజెంటును తప్పు పట్టవలసింది లేదు. టిక్కెట్టు లేని చోటికి ప్యాకేజీలో ధర కట్టలేరు కాబట్టి అది పట్టికలోకి ఎక్కదు. సింగపూర్‌లో మీ వయసువారు చూసి సంతోషించేవాటిలో సగానికి పైగా అలాంటి చోట్లే.

ముందు మొదటి రోజు సంగతి తేల్చుకోవాలి. చెన్నై నుంచి విమానం నాలుగు గంటలకు పైగా పడుతుంది, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి బయలుదేరి తెల్లవారుజామున దిగితే ఆ రాత్రి మీకు నిద్ర లేనట్టే. హోటల్లో గది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గాని ఇవ్వరు. అటువంటి రోజున రాత్రి కూడా నైట్ సఫారీ పెట్టడం మంచిది కాదు. 1994లో మొదలైన ఆ జంతు ప్రదర్శనశాల రాత్రిపూట తిరిగే జంతువుల కోసమే కట్టినవాటిలో ప్రపంచంలోనే మొదటిది, చూడదగ్గదే. కాకపోతే అది నగరానికి ఉత్తరాన ఉన్న మండాయిలో ఉంది, చూసి గదికి చేరేసరికి బాగా పొద్దుపోతుంది. తప్పక చూడాలనుకుంటే రెండో రోజుకు మార్చమని అడగండి.

మొదటి రోజు ఉదయం సామాను హోటల్లో అప్పగించి బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. 1859లో మొదలైన ఈ తోటకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. తెల్లవారుజామున ఐదు గంటలకే తెరుస్తారు, ప్రవేశం ఉచితం, లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రమే టిక్కెట్టు. నిద్ర చాలని శరీరానికి ఎండ ముదరకముందు ఆ చెట్ల నీడ హాయిగా ఉంటుంది. అక్కడి నుంచి లిటిల్ ఇండియాకు వచ్చి, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో భోజనం చేసి, గదికి చేరి సాయంత్రం వరకు పడుకోండి.

ఆ సాయంత్రాన్ని మెరీనా బే చుట్టూ నడవడానికి అట్టిపెట్టుకోండి. పొద్దు గుంకకముందే మెర్లయన్ దగ్గరికి చేరాలి. సింహం తల, చేప తోక ఉన్న ఆ శిల్పం ఎత్తు 8.6 మీటర్లు. ఫొటోలలో చూసి కొండంత ఉంటుందని ఊహించుకున్నవారు చప్పబడిపోతారు. 1972లో ప్రతిష్ఠించి, 2002లో ఇప్పుడున్న చోటికి మార్చారు. సెంతోసా దీవిలో 37 మీటర్ల మెర్లయన్ ఇంకొకటి ఉండేది గాని దాన్ని తొలగించారు. మీ పట్టికలో అది కూడా ఉంటే పాత కరపత్రం నుంచి ఎత్తి రాశారని తెలుసుకోండి. శిల్పం దగ్గర నుంచి ఎస్‌ప్లనేడ్ అనే కళాకేంద్రపు ముళ్ల గోపురాల మీదుగా, హీలిక్స్ వంతెన దాటి మెరీనా బే శాండ్స్‌కు చేరే దారి రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దారి పొడుగునా కూర్చోవడానికి చోటు ఉంది, నేల చదునుగా ఉంటుంది. 55 అంతస్తుల మూడు భవనాల నెత్తిన 340 మీటర్ల పొడవైన పడవలాంటి కప్పును మోస్తున్న ఆ కట్టడం కింది నుంచి చూస్తేనే బాగుంటుంది. పైకి ఎక్కితే నగరమంతా కనిపిస్తుంది గాని ఆ కట్టడమే కనిపించదు. పై అంతస్తు ఈతకొలను హోటల్లో దిగినవారికి మాత్రమే. రాత్రి ఎనిమిదింటికి ఆ భవనాల ముందే నీటి మీద వెలుగుల ప్రదర్శన ఉంటుంది, అది ఉచితం. అది ముగిశాక వెనకవైపు వంతెన మీదుగా గార్డెన్స్ బై ద బేలోకి నడిస్తే 8.45కు సూపర్‌ట్రీల దగ్గర వెలుగూ పాటా కలిసిన ప్రదర్శన అందుతుంది, అదీ ఉచితమే. సమయాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు ఉదయమే సరిచూసుకోండి.

ఈ సూపర్‌ట్రీల కింద కాసేపు ఆగి పైకి చూడమని మా మనవి. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న ఈ 18 ఉక్కు చట్రాలను అలంకారం కోసమే నిలబెట్టారనుకుంటారు చాలామంది. వాటి ఒంటి నిండా ఫెర్న్‌లు, తీగలు, పూల మొక్కలు నాటారు. కొన్నిటి కొమ్మల మీద సౌర పలకలు ఉన్నాయి. మరికొన్ని, పక్కనున్న రెండు గాజు తోటలను చల్లబరిచే యంత్రాల వేడి గాలిని పైకి పంపే గొట్టాలుగా పనిచేస్తాయి. ఆ గాజు తోటలకు మాత్రం డబ్బు పెట్టి వెళ్లండి. రెండింటిలో ఒక్కటే చూడగలిగితే క్లౌడ్ ఫారెస్ట్ ఎంచుకోండి. తలుపు దాటగానే 35 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం తుంపర ముఖాన తగులుతుంది. లిఫ్టులో పైకి చేరి, నాచు పట్టిన కృత్రిమ కొండ చుట్టూ వాలుగా వేసిన దారిలో మెల్లగా కిందికి దిగి రావచ్చు.

యూనివర్సల్ స్టూడియోస్‌ను నిస్సంకోచంగా కొట్టివేయించండి. గిరగిర తిప్పే బండ్ల కోసం పిల్లలు పొద్దంతా వరుసలో నిలబడే చోటు అది. పక్షుల పార్కు మీకు ఇష్టమైతే ఉంచుకోండి. పాత జురోంగ్ పార్కును 2023 జనవరిలో మూసివేశారు, ఆ పక్షులు ఇప్పుడు మండాయిలో బర్డ్ పారడైజ్ అనే కొత్త చోట ఉన్నాయి. నైట్ సఫారీ కూడా అక్కడే కాబట్టి రెండింటినీ ఒకే రోజు పెట్టుకుంటే ప్రయాణం కలిసివస్తుంది. ఫ్లయర్ 165 మీటర్ల ఎత్తుకు వెళ్లే పెద్ద చక్రం. అదీ, మెరీనా బే శాండ్స్ పై అంతస్తూ చూపించే దృశ్యం ఇంచుమించు ఒకటే, ఏదో ఒకటి చాలు.

మిగిలిన పూటను మాక్స్‌వెల్ రోడ్డులోని సింగపూర్ సిటీ గ్యాలరీకి ఇవ్వండి. నగర నడిబొడ్డు మొత్తాన్ని చిన్న నమూనాగా చేసి పెట్టారు. ప్రవేశం ఉచితం, ఆదివారం మూసి ఉంటుంది. అమరావతి ప్రణాళికను సింగపూర్ సంస్థ గీసినప్పటి నుంచి ఆ నగరం పేరు మన వార్తాపత్రికల్లో నలుగుతూనే ఉంది. అక్కడ ఏ వీధిని ఎందుకు అలా వేశారో ఆ నమూనా ముందు నిలబడితే కాస్త అర్థమవుతుంది. దాని ఎదుటే మాక్స్‌వెల్ హాకర్ సెంటర్ ఉంది. 1965లో స్వతంత్ర దేశమైన నాటికి వీధులనిండా ఉన్న తోపుడుబండ్ల వంటవారిని ఆ తరువాతి ఏళ్లలో నీళ్లు, మురుగు కాలువలు ఉన్న ఇలాంటి కప్పుల కిందికి తరలించారు. ఈ భోజన సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఒక సంగతి: తిన్న పళ్లాన్ని మీరే తీసుకెళ్లి దాని చోట పెట్టాలి. 2021 నుంచి అది అక్కడ నిబంధన. ఖాళీ బల్ల మీద చిన్న కాగితపు రుమాళ్ల పొట్లం కనిపిస్తే ఎవరో మరచిపోయారనుకోకండి, మన బస్సుల్లో సీటు మీద తువ్వాలు వేసినట్టే అది.

ప్రశ్న: వీసాకు ఒక్కొక్కరు ఒక్కో ధర చెబుతున్నారు. అసలు రుసుము ఎంత? చెన్నై వెళ్లవలసి ఉంటుందా? — ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: భారతీయులకు వీసా తప్పనిసరి. దరఖాస్తు రుసుము మనిషికి 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. మామూలుగా గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు వెళుతుంది, మీరు స్వయంగా వెళ్లవలసిన పని ఉండదు. ఆ పైన అడిగేది ఏజెంటు సేవా రుసుము మాత్రమే కాబట్టి, రెండింటినీ విడివిడిగా రాసివ్వమని అడగండి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు అనే పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. అది వీసా కాదు, దానికి పైసా కూడా కట్టనవసరం లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదని గ్రహించండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

చెన్నై చేరడానికి కారు మాట్లాడుకోవడం అందరికీ అవసరం లేదు. సామాను తక్కువైతే పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో మధ్యాహ్నానికి సెంట్రల్ చేరి, అక్కడే మెట్రో ఎక్కి నేరుగా విమానాశ్రయం స్టేషన్‌లో దిగవచ్చు. అర్ధరాత్రి విమానానికి బోలెడంత వ్యవధి ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి ఆవకాయ, రొయ్యల పచ్చడి, కోడి పచ్చడి, మసాలా సామాను తీసుకెళ్లాలని ఉంది. మావారికి ఖైనీ అలవాటు. ఇబ్బంది ఉంటుందా? — ఒక గృహిణి, కందుకూరు

సమాధానం: ఆవకాయ, గోంగూర, కారప్పొడులు ఇంటి వాడకానికి సరిపడా తీసుకెళ్లవచ్చు. నూనె కారకుండా మూత బిగించి, పెట్టెలో పెట్టి, చేతి సంచిలో మాత్రం పెట్టకండి. కోడి పచ్చడిని ఇంట్లోనే వదిలేయండి. సింగపూర్ తాను ఆమోదించిన దేశాల నుంచి వచ్చే మాంసాన్నే అనుమతిస్తుంది, ఆ జాబితాలో మన దేశం లేదు. పచ్చడి పెట్టినా అది మాంసమే. రొయ్యల వంటి సముద్రపు సరుకుకు నియమాలు వేరు, కొద్ది పరిమాణం వరకు వెసులుబాటు ఉంది. అయినా అధికారి అడిగితే దాచకుండా చెప్పడం మేలు.

మసాలాలో అసలు జాగ్రత్త పడవలసింది గసగసాల విషయంలో. మన వంటింట్లో అవి కూరకు చిక్కదనం ఇచ్చే గింజలే కావచ్చు, అక్కడ మాదకద్రవ్యాల శాఖ కంటికి అవి నల్లమందు మొక్క విత్తనాలు. ఇంట్లో దంచిన మసాలా పొడిలో అవి కలిసి ఉన్నా తీసుకెళ్లకండి.

మీవారి అలవాటు విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. ఖైనీ, గుట్కా వంటి నమిలే పొగాకు అక్కడ పూర్తిగా నిషిద్ధం, ఈ-సిగరెట్లు కూడా అంతే. సిగరెట్లకు సుంకం మినహాయింపు ఒక్కదానికీ లేదు. తెచ్చినవన్నీ చూపించి సుంకం కట్టవలసిందే. పొగాకు పండించి బతికే నేల నుంచి వెళ్లేవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, విమానాశ్రయంలో జేబులు తడుముకుంటూ నిలబడడం కంటే చెన్నైలోనే పొట్లం పారేయడం నయం. చూయింగ్ గమ్ దిగుమతిపైనా 1992 నుంచి నిషేధం ఉంది. మెట్రో రైల్లో ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగినా తప్పే. జరిమానా 500 డాలర్ల వరకు వేయవచ్చు.

ప్రశ్న: నేను పెన్నా కింద వరి పండించే రైతును. సింగపూర్‌లో సముద్రాన్ని మంచినీటి చెరువుగా మార్చారనీ, మురుగు నీటిని శుద్ధి చేసి తాగుతారనీ విన్నాను. నిజమేనా? మా అమ్మాయి దగ్గరికి కొద్ది రోజుల కోసం వెళుతున్నాను, అది చూడడానికి వీలవుతుందా? — ఒక రైతు, కోవూరు

సమాధానం: రెండూ నిజమే. మొదటిదాన్ని కళ్లారా చూడవచ్చు, పైగా ఉచితంగా. మాకు వచ్చిన ప్రశ్నలలో మా మనసుకు నచ్చినది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాము.

సింగపూర్‌కు వానలకు కొదవ లేదు. ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్లు కురుస్తుంది. నెల్లూరులో పడేది దానిలో సగానికి కాస్త అటూ ఇటూ. లేనిదల్లా ఆ నీటిని నిలవ చేసుకునే నేల. దేశమంతా కలిపి సుమారు 735 చదరపు కిలోమీటర్లే, చెప్పుకోదగ్గ కొండ లేదు, పెద్ద నది లేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి తాగునీటి కోసం పక్కనున్న మలేసియాలోని జొహోర్ రాష్ట్రం మీద ఎక్కువగా ఆధారపడేవారు. 1962లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ నీరు 2061 వరకు వస్తుంది. ఆ గడువు తరువాత ఏమిటన్న ఆలోచనే అక్కడి నీటి పనులన్నిటికీ మూలం.

సింగపూర్ నది సముద్రంలో కలిసే చోటే మెరీనా బే. ఒకప్పుడు ఆ నది పడవల నూనెతో, పందుల దొడ్ల మురుగుతో, వీధి వంటల వ్యర్థాలతో నల్లగా ఉండేది. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్లలో దాన్ని శుభ్రం చేయాలని ఆదేశించారు. దొడ్లను ఎత్తివేసి, గుడిసెలవారికి ప్రభుత్వ ఇళ్లు ఇచ్చి, పడవలను మరోచోటికి తరలించి 1987 నాటికి ఆ పని పూర్తి చేశారు. నది శుభ్రపడింది కాబట్టే తరువాతి అడుగు సాధ్యమైంది. 2008లో సముద్రం వైపు సుమారు 350 మీటర్ల పొడవున మెరీనా బ్యారేజీ కట్టి, లోపలి నీటిని బయటి ఉప్పునీటి నుంచి వేరు చేశారు. లోపల మిగిలిన ఉప్పునీటిని తోడి పోయలేదు. వాన పడిన ప్రతిసారీ వచ్చే మంచినీరు దాన్ని కొంచెం కొంచెంగా బయటికి నెట్టగా, 2010 నాటికి అది మంచినీటి జలాశయమైంది. సింగపూర్ భూభాగంలో ఆరో వంతు మీద పడిన వాన ఇక్కడికే వస్తుంది.

మీకు ఆసక్తి కలిగించేవి దాని తలుపులు. తొమ్మిది ఉక్కు గేట్లు ఉన్నాయి. మామూలు రోజుల్లో అవి నిలబడి ఉప్పునీటిని ఆపుతాయి. కుండపోత వాన వచ్చి లోపల నీటి మట్టం పెరిగినప్పుడు, సముద్రం ఆటు మీద ఉంటే గేట్లను వాల్చి ఎక్కువైన నీటిని వదిలేస్తారు. అదే పోటు సమయమైతే గేటు వాల్చితే సముద్రమే లోపలికి వచ్చేస్తుంది కాబట్టి, గేట్లను అలాగే ఉంచి, ఏడు పెద్ద పంపులతో నీటిని బయటికి తోడిపోస్తారు. పల్లంలో ఉన్న చైనాటౌన్ వంటి పేటలకు వరద ముప్పు తగ్గింది ఇందువల్లనే. నెల్లూరు, సంగం బ్యారేజీలు పై నుంచి వచ్చే నీటిని నిలబెడతాయి, పోటుతో వాటికి పని లేదు. తీర మండలాల్లో బోర్లలో ఉప్పునీరు ఎక్కడం చూసిన మీరు ఈ తేడాను మాకంటే బాగా పట్టుకోగలరు.

గార్డెన్స్ బై ద బే మెట్రో స్టేషన్ నుంచి అక్కడికి నడిచి వెళ్లవచ్చు. పంపుల గదిని గాజు అద్దాల గుండా చూడవచ్చు. బ్యారేజీ కప్పు మీద పచ్చిక పెంచారు, సాయంత్రం పూట పిల్లలూ పెద్దలూ అక్కడ గాలిపటాలు ఎగరేస్తుంటారు. పచ్చిక మీద నిలబడితే ఒక పక్క జలాశయం, మరో పక్క లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. రెండు పక్కల నీటి మట్టాలు ఒకటి కావని గమనించండి.

ఇక రెండో సంగతి. వాడిన నీటిని మూడు దశల్లో, అంటే సన్నని పొరల గుండా వడకట్టి, ఆపైన రివర్స్ ఆస్మోసిస్ చేసి, చివరికి అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేస్తారు. న్యూవాటర్ పేరుతో 2003లో ఇది మొదలైంది. ఇందులో ఎక్కువ భాగం కంప్యూటర్ చిప్పుల కర్మాగారాలకు వెళుతుంది, ఎందుకంటే వాటికి తాగునీటికంటే స్వచ్ఛమైన నీరు కావాలి. కొంత జలాశయాల్లో కలిసి, మళ్లీ శుద్ధి అయి కుళాయిలకు చేరుతుంది. అక్కడ కుళాయి నీరు నేరుగా తాగవచ్చు. సీసా నీళ్లు కొనవలసిన పని లేదు.

ప్రశ్న: మా అమ్మకు 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. తీసుకెళ్లడం సాహసమవుతుందా? గుళ్లు ఏమైనా చూపించవచ్చా? — ఒక ఉద్యోగిని, ఒంగోలు

సమాధానం: మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఆసియాలో ఇంతకంటే అనుకూలమైన నగరాలు తక్కువ. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, బస్సుల్లోకి చక్రాల కుర్చీ ఎక్కించవచ్చు. ఎస్కలేటర్లు మాత్రం మన ఊళ్లలో కంటే వేగంగా కదులుతాయి, అమ్మగారిని లిఫ్టులోనే తీసుకెళ్లండి. విమానం టిక్కెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని రాయించాలి. చాంగీ విమానాశ్రయంలో నడక చాలా ఉంటుంది.

ఎండ మన వేసవి అంత ఉండదు, 32 డిగ్రీలకు అటూ ఇటూ. కానీ గాలిలో తేమ వల్ల అరగంటలో చొక్కా తడిసిపోతుంది. ఉదయం, సాయంత్రం తిరిగి, మధ్యాహ్నం గదిలో ఉండండి. బీపీ, షుగర్ మందులు డాక్టరు చీటీతో సహా తీసుకెళ్లండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు వంటివాటికి ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి కావలసి రావచ్చు. ప్రయాణ బీమా లేకుండా మాత్రం కదలకండి, ఎందుకంటే అక్కడ ఆస్పత్రి ఖర్చు మనం భరించగలిగేది కాదు.

గుళ్లలో ముందు సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని శ్రీ మారియమ్మన్ ఆలయం. 1827లో వెలసిన ఇది సింగపూర్‌లోకెల్లా పాత హిందూ దేవాలయం, ఉన్నది చైనాటౌన్ నడుమ. సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం అమ్మగారికి మరింత నచ్చుతుంది. రెండూ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. అక్కడి నాలుగు అధికార భాషలలో తమిళం ఒకటి కాబట్టి, మద్రాసు రాకపోకల వల్ల మనవాళ్లకు అబ్బిన నాలుగు ముక్కల తమిళం లిటిల్ ఇండియా వీధుల్లో బాగానే అక్కరకు వస్తుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళుతూ సింగపూర్‌లో పది గంటలు ఆగాలి. వీసా లేకుండా బయటికి వెళ్లనిస్తారా? — ఒక పాఠకుడు, సింగరాయకొండ

సమాధానం: కనీసం నెల రోజుల గడువు మిగిలి ఉన్న ఆస్ట్రేలియా వీసా, 96 గంటల లోపు ముందుకు సాగే విమానం టిక్కెట్టు ఉన్న భారతీయులకు వీసా లేకుండా బయటికి వెళ్లే వెసులుబాటు ఉంది. తుది నిర్ణయం మాత్రం అక్కడి అధికారిదే. వీసా కాగితం అచ్చు ప్రతిని, ముందుకు సాగే విమానం టిక్కెట్టును చేతి సంచిలో ఉంచుకోండి, ఎస్‌జీ అరైవల్ కార్డు కూడా నింపండి. ఆగే వ్యవధి ఐదున్నర గంటలు దాటితే విమానాశ్రయం వారే బస్సులో ఉచితంగా నగరం చూపించే ఏర్పాటు ఉంది. సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి ముందే నమోదు చేసుకోవాలి.

అది దొరకకపోతే జువెల్‌కు వెళ్లండి. 2019లో తెరిచిన ఆ గాజు గోపురం లోపల 40 మీటర్ల జలపాతం కప్పు మధ్య నుంచి నేరుగా పడుతుంది. భవనం లోపల ఉన్న జలపాతాల్లో ప్రపంచంలో ఇంతకంటే ఎత్తైనది లేదు. అది ఇమిగ్రేషన్ దాటిన తరువాత వస్తుంది గనుక ఆ తనిఖీ ముగించుకుని బయటికి రానివారికి అందదు. మెట్రోలో మెరీనా బే దాకా వెళ్లి రావాలనుకుంటే ఒక్కో వైపు గంట చొప్పున లెక్క వేసుకోండి. తరువాతి విమానానికి మూడు గంటల ముందే తిరిగి చాంగీ చేరేలా చూసుకోండి.